పటం మీద తొమ్మిది చుక్కలు

మట్టి పరీక్షల ల్యాబులో ఆయన్ని అందరూ బూజుగారు అంటారు. మట్టిలో బతికే బూజుల ఆరా తీయడం ఆయన పని. పాతికేళ్లకి ఉద్యోగానికీ కాస్త బూజు పట్టింది కాబట్టి ఆ బిరుదుకిక తిరుగులేదు.

ఈమధ్య ఆయనకో వెబ్‌సైటు దొరికింది. డీఎన్‌ఏ ముక్క ఏదైనా అందులో అతికిస్తే, అది లోకంలో ఏయే చోట్ల మట్టిలో కనబడిందో పటం మీద చుక్కలు చూపిస్తుంది. మధ్యాహ్నం క్యారేజీ విప్పుకుని, ఒక ముద్ద నోట్లో, ఒక ముక్క కంప్యూటర్లో పెడుతూ భోంచేస్తాడు. ఎదుటి కుర్చీలో మనిషి ఉన్నన్నాళ్లూ ఈ చుక్కలతో పనిపడలేదు. అది ఆయన భార్య కుర్చీ. ఎక్కడెక్కడి నుంచో పోస్టులో వచ్చే మట్టిలోంచి ఆవిడ డీఎన్‌ఏ తీసేది, ఈయన చదివేవాడు. ఆవిడ పోయి రెండేళ్లు.

ఆరోజు పాత ఫైళ్లలోంచి పేరులేని ముక్కొకటి అతికించాడు. తొమ్మిది చుక్కలు. ఎడారిలో, మంచుకొండ మీద, సముద్రపు ఒడ్డున...

వెనక నుంచి తొంగిచూసిన డైరెక్టరమ్మ ఎగిరి గంతేసినంత పని చేసింది.

"ఎండకీ చావదు, మంచుకీ చావదు! కొత్త జాతయ్యా! పేపరు రాసెయ్. దానికి నీ పేరే పెడదాం."

"నా పేరే బూజు కదండీ. బూజుకి బూజని పెడితే ఏం బావుంటుంది?"

"వేళాకోళాలాపు. పదేళ్లలో ఈ ల్యాబుకింత మంచి కబురు రాలేదు."

ఆవిడ వెళ్లాక ఎందుకో అనుమానమొచ్చి రిజిస్టరు తీశాడు. తొమ్మిది చుక్కలూ ఈ ల్యాబు పంపిన నమూనాలవే; అన్నిటికీ 'చేసినవారు' అన్నచోట ఒకటే గుండ్రటి చేతిరాత, భార్యది. మనిషి ఒంటి మీద బతికే జీవుల జాబితాతో ముక్కని పోల్చి చూశాడు. అచ్చంగా కలిసింది. చుండ్రు తెప్పించే జీవి!

పనిచేసేటప్పుడు తలకి టోపీ పెట్టుకోవే తల్లీ అంటే, "టోపీలు పెట్టడం మీ మగాళ్లకలవాటు, పెట్టుకోవడం నావల్ల కాదు" అని వెనక్కి తోసేసేది. గుర్తొచ్చి పకపకా నవ్వాడు. పొలమారింది. నెత్తి మీద తట్టేవాళ్లు లేక చాలాసేపు దగ్గాడు.

ఊరుకుంటే చుక్కలుంటాయి. చెబితే చెరిపేస్తారు. క్యారేజీ గిన్నెలు కడిగినవే పావుగంట కడిగాడు. తర్వాత డైరెక్టరమ్మ గదికెళ్లాడు.

"కొత్త జాతి కాదండీ. మా ఆవిడ."

సంగతంతా విని ఆవిడ కళ్లజోడు తీసింది. "మనం చెప్పకపోతే ఎవరికీ తెలీదుగా?"

"తనుంటే తనే చెప్పేసేదండీ. ట్యూబు సరిగ్గా కడక్కపోతే, కడగలేదని రిజిస్టర్లో రాసే మనిషి."

"సరే, కానివ్వు" అందావిడ, చిన్నగా.

వెబ్‌సైటులో ఫిర్యాదు పత్రం తెరిచాడు. 'కల్తీకి కారణం' అన్న గడిలో 'మా ఆవిడ' అని కొట్టి, చెరిపేసి, 'సిబ్బంది తల చర్మం' అని రాసి పంపాడు. వెంటనే జవాబొచ్చింది: 'ధన్యవాదాలు. ఈ తొమ్మిది నమూనాలను వారం రోజుల్లో తొలగిస్తాం.'

తొమ్మిది చోట్లు, ఏడు రోజులు. రెండు రోజులు రెండేసి చూడాలి. ముందు మంచుకొండకి బయల్దేరాడు. తెరంతా తెల్లబడి, మధ్యలో ఎర్రచుక్క ఒక్కటే మిగిలేదాకా పటాన్ని పెద్దది చేస్తూ పోయాడు.