ఒక్క రోజు కోసం పెట్టిన లైను

పంపుహౌసులో ఎవరూ గడియారం చూసి ఇంటికి వెళ్ళరు, రిజిస్టరు చూసి వెళ్తారు. డ్యూటీ దిగేవాళ్ళు రాసిన దాని కింద, ఎక్కేవాళ్ళు తమ చేత్తో "అన్నీ సరిగా అందినవి" అని రాసి సంతకం పెట్టాలి. అంతదాకా గేటు దాటడానికి లేదు. సంతకం పడ్డాక దిగినవాళ్ళు ఏ మీటా, ఏ కీబోర్డూ ముట్టుకోకూడదు. ఊరంతటికీ నీళ్ళు పంపేచోట ఒక వాల్వు మీద రెండు చేతులు పడితే కొన్ని వీధులు మునుగుతాయి, కొన్ని ఎండుతాయి.

ఆవేళ దిగాల్సింది కంప్యూటర్ గదిలో ఆరేళ్ళుగా ఉన్న ఆమె. అక్కడ అందరూ ఆమెను తాళంచెవి అంటారు. మోటార్లు నడిపే ప్రోగ్రాము ఆమె చెయ్యి పడితేగాని కదలదు మరి. ఆ పేరుకి మొదట్లో మురిసిపోయేది. తర్వాత, అక్కకి ఆపరేషన్ జరుగుతుండగా ఆస్పత్రి మెట్ల మీంచి వెనక్కి పరిగెత్తుకొచ్చిన రోజున, ఆ పేరు మెడకి గుదిబండలా తగిలింది. ఇప్పుడు అక్కావాళ్ళ ఊళ్ళో ఇంకో ఉద్యోగం దొరికింది. రేపు పదింటికి చేరకపోతే జాబితాలో తర్వాతి మనిషికి ఇచ్చేస్తామన్నారు. బస్సు ఐదున్నరకి.

మధ్యాహ్నం రెండింటికి రిజిస్టరు తెరిచి, ఛార్జి తీసుకోవడానికొచ్చిన కొత్తాయన ముందు పెట్టింది. ఆయన ఇరవయ్యేళ్ళు వేరే పంపుహౌసుల్లో నలిగినవాడు. కలం క్యాపు కూడా తియ్యలేదు.

"ప్రోగ్రాము కట్టి చూపించండమ్మా."

మోటారు మార్చినా, వాల్వు చేర్చినా ఆ ప్రోగ్రామును మళ్ళీ మొదటినుంచి కట్టాలి. మనిషి రాసిన మాటల్ని మిషను మాటల్లోకి మార్చే కంపైలర్ ఆ పని చేస్తుంది. ఆమె కట్టింది. పావుగంటలో పచ్చని అక్షరాలు పడ్డాయి.

"బాగుంది. ఇప్పుడు నా పేరుతో లోపలికెళ్ళి కట్టండి."

"ఎవరి పేరుతో కట్టినా ఒకటేనండీ."

"ఒకటే అయితే కష్టమేముంది? రేపు మీరుండరు. పెళ్ళికూతురు వెళ్ళిపోయాక మేళం వాయిస్తే ఎవరికమ్మా?"

ఆయన పేరుతో కట్టింది. మూడో నిమిషంలో ఎర్రగా పడింది: ఈ మాట నాకు తెలియదు, ఈ మాటా తెలియదు. అలా నలభై వరసలు. ఆమె పేరుతో పనిచేసింది కొత్త కంపైలర్; ఆ మాటలు తెలియనిది పంపుహౌసంతటికీ కలిపి ఎప్పుడో పెట్టిన పాత కంపైలర్.

"పాత్ తేడా," అంది ఆమె. "వీధిలో నిలబడి పేరు పెట్టి పిలిస్తే, ఆ పేరున్నవాళ్ళలో ముందు ఇంటివాడే పలుకుతాడు కదా. కంప్యూటరూ అంతే. ఏ ఫోల్డరు తర్వాత ఏది వెతకాలో ఒక వరస ఉంటుంది. మీ వరసలో ముసలి కంపైలర్ ముందు పలుకుతోంది."

వరస మార్చింది. అవే నలభై. గత ప్రయత్నంలో దొరికిన అడ్రసు ఎక్కడో దాచుకుని ఉంటుందని, కట్టుబడి ఫోల్డరంతా తుడిచేసి మళ్ళీ మొదలుపెట్టింది. అవే నలభై. గోడ అవతల మోటార్ల హోరుకి బల్ల మీది గ్లాసులో నీళ్ళు సన్నగా వణుకుతున్నాయి. కిటికీకి ఊచలు. గడియారం మూడుకి పది నిమిషాలు తక్కువ.

కొత్తాయన కుర్చీ దగ్గరకి జరుపుకున్నాడు. "మనం వరస మార్చినా వినట్లేదంటే, మన తర్వాత ఎవరో మళ్ళీ మారుస్తున్నారమ్మా."

ఆమె కట్టుబడి మొదలెట్టే ఫైలు తెరిచింది. ఎవరు కట్టినా దాని మీంచే వెళ్ళాలి. పదకొండో లైను దగ్గర చెయ్యి ఆగిపోయింది. కంపైలర్ కోసం అన్నిటికంటే ముందు ఎక్కడ వెతకాలో ఆ లైను చెబుతోంది. అది ఆమె సొంత ఫోల్డరు. పక్కనే ఆమె రాసుకున్న మాట: "ఒక్క రోజుకే. రేపు తీసేయాలి." తేదీ ఆరేళ్ళ కిందటిది.

గుర్తొచ్చింది. కొత్త కంపైలర్ అందరి చోటులో పెట్టాలంటే ఇంజనీరు పాస్‌వర్డు కావాలి, ఆయన ఆ వారం ఊళ్ళో లేడు. మోటారు ఆగి ఉంది. అందుకని తన ఫోల్డరులో పెట్టుకుని దారి అటు తిప్పింది. ఆ ఫోల్డరులోకి ఇంకొకరు అడుగుపెట్టడానికి లేదు. వేరేవాళ్ళు కడితే కంప్యూటరు ఆ తలుపు తట్టి, తెరవకపోతే చప్పుడు చెయ్యకుండా ముసలిదాని దగ్గరికి పోతుంది. ఆరేళ్ళు ఆమె లేకుండా ప్రోగ్రాము కదలకపోవడానికి కారణం ఆమె పనితనం కాదు, ఈ ఒక్క లైను. ఆస్పత్రి మెట్ల మీంచి తనను లాక్కొచ్చింది తనే.

అప్పుడే ఇంజనీరు తలుపు తోసుకొచ్చాడు. విన్నాడు. చాలా తేలిగ్గా నవ్వాడు.

"దీనికింత తతంగమా తాళంచెవీ? నీ ఫోల్డరు అందరికీ తెరిచి పెట్టు. పావుగంటలో సంతకం, ఐదున్నరకి బస్సు."

"నా అకౌంటు వచ్చే వారం తీసేస్తారు సార్. ఫోల్డరూ పోతుంది."

"అప్పుడు ఫోన్ చేస్తాంలే. నువ్వేమన్నా పరాయిదానివా?"

పావుగంటలో బయటపడే దారే అది, వారానికోసారి వెనక్కి లాక్కొచ్చే దారీ అదే. రెండోది ఒకటుంది: కంపైలర్‌ను అందరి చోటులో పెట్టడం. దాన్ని ఎత్తి అక్కడ పెడితే కుదరదు, పుట్టినచోటి అడ్రసు దాని ఒంట్లోనే రాసి ఉంటుంది. కంపైలర్నే మళ్ళీ మొదటినుంచి కట్టాలి. రెండు గంటలు.

"మీ పాస్‌వర్డు కొట్టండి సార్."

"బస్సో?"

"కొట్టండి."

ఆయన గొణుక్కుంటూ కొట్టి వెళ్ళిపోయాడు. తెర మీద అక్షరాలు పాకడం మొదలైంది. మూడుంపావు.

అక్క ఫోన్ చేసింది. ఆమె కిటికీ దగ్గరకి వెళ్ళి మాట్లాడింది.

"బస్టాండుకి ఆటో తీసుకుని గేటు బయటే ఉన్నాం. బావ అప్పుడే రెండు టీలు తాగాడు. వస్తున్నావా లేదా?"

"ఇంకో రెండు గంటలక్కా."

"ఇది నేను ఎన్నోసారి వింటున్నానే?"

"ఇదే ఆఖరు."

"అదీ విన్నాను." అవతల బావ ఏదో అన్నాడు. "బావ అడుగుతున్నాడు, ఆ పంపుహౌసుకే నిన్నిచ్చి చేస్తే పోయేది కదా, కట్నం లేకుండా ఒప్పుకునేవాళ్ళని."

నవ్వొచ్చింది, దాని వెనకే కళ్ళు మండాయి. తిరిగి వచ్చేసరికి కొత్తాయన ఏదో టైపు చేస్తున్నవాడు చెయ్యి తీశాడు. "మోటార్ల కొలతల ఫైలు చూస్తున్నానమ్మా," అన్నాడు.

నాలుగూ ఇరవైకి కట్టుబడి ఒకచోట నిలబడిపోయింది. నిమిషన్నర తర్వాత మళ్ళీ కదిలింది. ఐదుకి ఐదు నిమిషాలుండగా కంపైలర్ తయారైంది. ఆమె నేరుగా తన పాత లైను దగ్గరికి దిగి దాన్ని తీసేసింది, తన ఫోల్డరులోదీ చెరిపేసింది. ఆరేళ్ళ ముడి విప్పడానికి రెండు మీటలు. ప్రోగ్రామును కొత్తాయన పేరుతో ఆయన చేతే కట్టించింది. ఐదూ పన్నెండుకి పచ్చని అక్షరాలు.

ఆయన కలం క్యాపు తీశాడు. "అన్నీ సరిగా అందినవి." సంతకం. బయట ఆటోలోంచి బావ హారన్ కొట్టాడు.

సంచి భుజానికేసుకుంటూ చివరిసారి తెర వైపు చూసింది. కట్టుబడి ఫైలు ఇంకా తెరిచే ఉంది. అన్నిటికంటే పైన కొత్త లైను: మోటార్ల కొలతల కోసం ముందు కొత్తాయన ఫోల్డరులో వెతకమని.

"ఇదేంటండీ?"

"అదా? రెండో మోటారు కొలత నా దగ్గర ఒకటుంది, పరీక్షకి పెట్టా. ఒక్క రోజుకే. రేపు తీసేస్తాను."

ఆమె చెయ్యి కీబోర్డు వైపు వెళ్ళి ఆగింది. సంతకం పడింది, ముట్టుకోకూడదు. హారన్ మళ్ళీ మోగింది. ఆమె కలం తీసుకుని, ఆయన సంతకం కింద ఖాళీ గడిలో రాసింది: "కట్టుబడి ఫైలు మొదటి లైను రేపు తీసేయాలి. తీశాక ఇక్కడ సంతకం."

ఆయన కళ్ళజోడు సర్దుకుని చదివాడు.

"అంటే ఇది తీసేదాకా రేపు నేను గేటు దాటకూడదా?"

"రిజిస్టరు మాట, నాది కాదు."

"గడుసుదానివమ్మా," అన్నాడాయన. కానీ కుర్చీ ముందుకి లాక్కుని, ఆ లైను మీద వేలు పెట్టి చూస్తున్నాడు.

ఆమె తలుపు దాటింది. వెనక నుంచి ఎవరైనా తాళంచెవీ అని పిలుస్తారేమోనని గేటుదాకా మెడ బిగబట్టుకునే నడిచింది.