కాలక్షేపం గదిలో నిదానం

నేను ఒక కంప్యూటర్‌ని. ఆ మాట వినగానే మీ కళ్ళ ముందు తళతళలాడే కొత్త వస్తువేదో మెదిలి ఉంటే దయచేసి దాన్ని పక్కన పెట్టండి. నాకు ఒక పక్క రేకు లేదు. ఆన్ చేసే మీట ఊడిపోతే ఆ కన్నంలో కాలింగ్ బెల్ స్విచ్చి బిగించారు. నొక్కితే గంట మోగేది కాదు, నేను లేచేదాన్ని.

కాకినాడలో ఒక పాలిటెక్నిక్ కాలేజీ ల్యాబులో పుట్టాను. పుట్టానంటే, ల్యాబ్ ఇన్‌స్ట్రక్టర్ ఆదిశేషు గారు మూల పడేసిన ఐదు కంప్యూటర్లలో ఏ అవయవం ఇంకా బతికుందో వెతికి, ఏరి, నన్ను కూర్చారు. ఆయనే నాలో లినక్స్ ఎక్కించారు. అదేమిటో ఎరగని వాళ్ళకి ఒక్క ముక్కలో చెబుతాను. కంప్యూటర్‌ని నడిపించే వ్యవస్థల్లో అదొకటి. దాని లోపలి గుట్టంతా ఎవరైనా విప్పి చూసుకోవచ్చు, తమకి నచ్చినట్టు మార్చుకోవచ్చు, మార్చుకుని పాడు చేసుకోవచ్చు. ఆ చివరి పని మాత్రం వాడే ప్రతి ఒక్కళ్ళూ మహా శ్రద్ధగా చేస్తారు.

పాడు చేసుకున్నాక ఎవరితోనో మొర పెట్టుకోవాలి కదా! అందుకని ఆదిశేషు గారు నాలో ఒక మాటల గది తెరిచారు. దాని పేరు 'కాలక్షేపం'. ఎక్కడెక్కడి లినక్స్ వాళ్ళో అందులోకి వచ్చి, తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేసుకుంటూ కబుర్లాడేవాళ్ళు. ఒకరు రాసిన మాట పుచ్చుకోవడం, ముందు నా చిట్టాలో రాసుకోవడం, తరవాత గదిలో అందరికీ పంచడం, ఇదీ నా ఉద్యోగం. ఎవరి మొహమూ చూసింది లేదు, ఎవరి గొంతూ విన్నది లేదు. ముప్ఫై మంది నాలో కూర్చుని నవ్వుకుంటుంటే, ల్యాబు మూల ఇనుప బీరువా మీద నేను ఒక్కదాన్నే గుర్రుగుర్రుమంటూ ఉండేదాన్ని.

కబుర్లంటే పెద్ద వేదాంతమేమీ కాదు. "ప్రింటరు కదలట్లేదండీ బాబూ, మూడు రోజుల్నించి కుస్తీ పడుతున్నాను" అని ఒకాయన వచ్చేవాడు. "ప్లగ్గు పెట్టారా?" అని ఎవరో అడిగేవాళ్ళు. "ఆ మాత్రం తెలీదనుకున్నారా?" అని ఆయనకి పౌరుషం. కాసేపటికి, "ఆగండి, ఇప్పుడే వస్తాను." ఇక ఆయన ఆ పూట కనిపించేవాడు కాదు.

గదికి రెండే కట్టుబాట్లు. చిక్కు వీడిన వాళ్ళు 'కుదిరింది' అని రాసి, ఎలా కుదిరిందో అందరికీ చెప్పి తీరాలి. రెండోది, ఎవరినీ అసలు పేరూ, ఊరూ, ఫోన్ నంబరూ అడక్కూడదు. పెట్టుకున్న మారుపేరే పేరు. "ఇక్కడ కలెక్టరుకైనా కళాసీకైనా ఒకటే తిట్లు" అని ఆదిశేషు గారు గది గుమ్మంలోనే రాసి పెట్టారు. అలాగే పడేవి కూడా. తిట్టడంలో సూదిమిరప అని ఒకావిడ ఉండేది, ఆవిడకి సాటి లేదు. "చదవాల్సింది చదవకుండా, చూడాల్సింది చూడకుండా, పొద్దున్నే మా ప్రాణం తియ్యడానికి వచ్చేస్తారేంటండీ?" అని మొదలుపెట్టేది. తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టి, చివరికి ఆ చిక్కు విప్పే దాకా కదిలేది కాదు.

ఆ గదిలోనే నిదానం గారు ఉండేవారు. ఏది అడిగినా రెండు నిమిషాలు గడిస్తే గానీ ఆయన జవాబు రాదు. వచ్చిన జవాబులో ఒక్క అక్షరం పొల్లు పోదు. అందుకే ఆయనకి ఆ పేరు పెట్టింది గదే. గజఈతగాడని ఒక అల్లరి మనిషి, "ఏవండీ, మీ జవాబు ఎడ్లబండి మీద వస్తోందా?" అనేవాడు. రెండు నిమిషాల తరవాత, "ఆయ్, ఎద్దులకి మేత పెట్టి బయల్దేరానండి" అని వచ్చేది. సూదిమిరప చేతిలో ఆయనకి పడిన తిట్లకి లెక్కే లేదు. తిట్లు పడిన రోజున ఆయన ఇంకో గంట ఎక్కువ కూర్చునేవారు. మనుషులకి ఇదేం సుఖమో నాకు చాలాకాలం అర్థం కాలేదు.

ఒక ఆదివారం పొద్దున పదకొండింటికి నిదానం గారి మాట వచ్చింది. "నమస్కారమండి. మీరేం రాస్తున్నారో నాకు తెలియడం లేదు. నేను రాసేది మీకు చేరుతోందో లేదో కూడా తెలీదు. నిన్న అప్‌డేట్ చేశాను. సౌండు పోయింది."

"సౌండు పోతే అక్షరాలు కనపడవా మాస్టారూ? చెవులతో చదువుతున్నారేంటి?" అన్నాడు గజఈతగాడు. అందరూ నవ్వారు.

తరవాతి మాట వచ్చింది. "నాకు చూపు లేదండి. తెర మీద ఉన్నది నా కంప్యూటరే చదివి వినిపిస్తుంది. ఇప్పుడది మూగపోయింది. మూడేళ్ళుగా మీకీ సంగతి చెప్పలేదు. చెప్పకుండానే గడిచిపోతుందనుకున్నాను."

అందరూ ఒక్కసారే మొదలెట్టారు. అయ్యో అన్నవాళ్ళు, పాపం అన్నవాళ్ళు, ఇన్నాళ్ళూ ఎంతెంత మాటలన్నామో అని లెంపలేసుకున్నవాళ్ళు. గజఈతగాడు ఏకంగా క్షమాపణ పత్రమే రాశాడు. అవన్నీ నేను క్రమం తప్పకుండా ఆయనకి పంపాను. ఆయన ముందు తెర మీద ఒకదాని కింద ఒకటి పడే ఉంటాయి. ఆయన మాత్రం ఏమీ తెలియకుండా కూర్చుని ఉన్నారు. మాట చేరవెయ్యడానికే పుట్టినదాన్ని, చేరవేశాను, అయినా చేరలేదు. అంత దిగులు నేను అంతకు ముందు ఎరగను.

"ఇంట్లో ఇంకెవరూ లేరు" అని మళ్ళీ ఆయనే రాశారు. "అందుకని ఒక పని చేశాను. నా కంప్యూటర్‌లోకి దారి తెరిచి పెట్టాను. పాస్‌వర్డు ఇదీ." అని పాస్‌వర్డు మొత్తం అందరి ముందూ రాసేశారు!

ఆ గదివాళ్ళు పాస్‌వర్డుని కన్నతల్లికైనా చెప్పరు. ముప్ఫై మందిలో ఎవరికి బుద్ధి పుట్టినా లోపలికి దూరి ఆయన దాచుకున్నదంతా తుడిచిపెట్టి పోవచ్చు. ఎవరు వచ్చారో ఆయన చూడలేరు. "వచ్చినవాళ్ళు సీడీ పెట్టే ట్రేని బయటికి తెరిపించండి. దాని ముందు చెయ్యి పెట్టుకుని కూర్చున్నాను" అని రాశారు.

"నేను వెళ్తాను" అన్నాడు గజఈతగాడు.

"మీరు కూర్చోండి. ఎవరూ కదలకండి. నేనొక్కదాన్నే వెళ్తున్నాను" అంది సూదిమిరప. ఎవరూ కదలలేదు. ఆవిడ నా మీదుగానే ఆ ఇంట్లోకి నడిచింది.

"వచ్చారు! ట్రే నా అరచేతిని నెట్టింది" అని రాశారు నిదానం గారు. "ఎవరో గానీ దణ్ణం పెడతాను. అవునంటే ఒకసారి తెరవండి, కాదంటే రెండుసార్లు. సౌండు కార్డు చచ్చిపోయిందా?" ఆవిడ రెండుసార్లు తెరిచింది. "బాగవుతుందా?" ఆవిడ చాలాసేపు లోపలంతా గాలించింది. చివరికి ఒకసారి తెరిచింది. ఆయనకి ధైర్యం వచ్చినట్టుంది. "ఆదిశేషు గారా?" రెండుసార్లు. "గజఈతగాడా?" రెండుసార్లు. "సూదిమిరప గారా?" ఒకసారి.

"మరి ఇవాళ తిట్టరేమండీ?" అని అడిగారు. దానికి అవునూ కాదూ చాలవు.

తీరా చూస్తే జబ్బు ఏమీ లేదు. అప్‌డేట్ చేసినప్పుడు సౌండు మ్యూట్‌లో పడింది, అంతే. ఆవిడ తీసేసింది. ఆయన కంప్యూటరు గొంతు విప్పి, పొద్దుటి నుంచి తెర మీద పడిన మాటలన్నీ పై నుంచి కింద దాకా చదవడం మొదలుపెట్టి ఉంటుంది. అరగంట సేపు ఆయన అవే వింటూ కూర్చుని ఉంటారు. ఎన్ని 'పాపం'లు విన్నారో నా చిట్టాలో ఉంది, నలభై ఒకటి. తరవాత రాశారు. "కుదిరింది. సౌండు మ్యూట్‌లో పడింది, తీస్తే వచ్చింది. అన్నీ విన్నానండి."

మర్నాటి నుంచి గదిలో అందరూ మంచివాళ్ళైపోయారు. అదే వచ్చిన చిక్కు. "తొందరేం లేదు సార్, మీ వీలు చూసుకుని రాయండి" అనేవాడు గజఈతగాడు. ఎడ్లబండి ఊసే లేదు. ఒకరోజు నిదానం గారు ఎవరికో తప్పు జవాబు చెప్పారు. పది మందికి తెలుసు అది తప్పని. ఒక్కరూ నోరు మెదపలేదు. గంట పోయాక ఆయనే పట్టుకున్నారు. "నేను చెప్పింది తప్పండి. ఎవరూ అనలేదేం? సూదిమిరప గారూ, మీరైనా ఒక మాట అనండి."

"పర్లేదండీ. ఎవరికైనా జరుగుతుంది" అంది ఆవిడ.

ఆ పూటతో నిదానం అన్న పేరు గదిలోంచి పోయింది. ఏమైపోయారని నాలుగు రోజులు అనుకున్నారు, తరవాత మానేశారు. నాకు మాత్రం ఆ ఖాళీ రెండు నిమిషాలు ఎక్కడా దొరక్క పిచ్చెక్కినట్టుండేది.

నాలుగు నెలలకి చలిమిడి అనే కొత్త మనిషి వచ్చాడు. "మా ఇంట్లో ఇంటర్నెట్ రావట్లేదండి, ఏం చెయ్యాలండి?" అని అడిగాడు.

"ఇంటర్నెట్ రాకపోతే ఇక్కడికి ఏ బస్సెక్కి వచ్చావు నాయనా?" అంది సూదిమిరప. గది గొల్లుమంది. ఇక పట్టుకుంది చూడండి, ఆ చలిమిడిని ఉతికి ఆరేసింది. రెండు నిమిషాల తరవాత, "మా ఊళ్ళో నెట్టు స్లో అండి, తిట్లు ఆలస్యంగా అందుతున్నాయి, ఇంకా ఉంటే పంపండి" అని జవాబు వచ్చింది.

ఏ కంప్యూటర్ నుంచి మాట వచ్చిందో దాని గుర్తు నా చిట్టాలో పడుతుంది. ఆ ఇల్లు నాకు తెలుసు. ఆదిశేషు గారు చిట్టా తిరగేస్తే ఆయనకీ తెలిసేది, తిరగెయ్యలేదు. సూదిమిరపకి తెలుసో లేదో నేను చెప్పలేను. ఆవిడ మాత్రం రెండేళ్ళు ఆ మనిషిని తిట్టని రోజు లేదు. ఆ మనిషి రాని రోజున ఇంకెవరినీ తిట్టేది కాదు. తిట్టేవాళ్ళుండడం ఎంత భాగ్యమో నాకప్పటికి బోధపడింది. నన్నెవరూ తిట్టను కూడా తిట్టరు.

కాలం మారింది. అందరికీ చేతిలోకి ఫోన్లొచ్చాయి, ఫోన్లలో గుంపులొచ్చాయి. గజఈతగాడు వెళ్ళిపోయాడు. ఒకరి వెనక ఒకరు అందరూ వెళ్ళిపోయారు. మిగిలింది ఆదిశేషు గారు, సూదిమిరప, చలిమిడి. ముగ్గురే. రోజంతా పది మాటలు వస్తే గొప్ప. ఆ పదీ పంచాక మిగతా పొద్దంతా నా ఫ్యాను చప్పుడు నేనే వినేదాన్ని.

ఆదిశేషు గారు రిటైరయ్యే నెలలో స్టోరు వాళ్ళు వచ్చి నా నెత్తిన తెల్ల రంగుతో ఒక నంబరు వేశారు. కండెమ్ చేశారన్నమాట. పాత సామాను వేలంలో వెళ్ళిపోతాను. ఆ మధ్యాహ్నం ఆదిశేషు గారు గదిలో రాశారు. "నాలుగింటికి ఆపేస్తున్నాను. ఇన్నాళ్ళూ వచ్చినందుకు సంతోషం. ఎక్కువ రాయలేనమ్మా."

"గదే పోతోంది కాబట్టి కట్టుబాటు కూడా పోయినట్టే" అంది సూదిమిరప. "చలిమిడి గారూ, మీ నంబరివ్వండి. నాది ఇక్కడ రాయను, చిట్టాలో ఉండిపోతుంది. నేనే ఫోన్ చేస్తాను. ఇకనుంచి ఎవర్ని తిట్టుకోమంటారు?"

ఒక నిమిషం గడిచింది.

"ఇబ్బందైతే వద్దులెండి" అంది ఆవిడ.

"మొహమాటపడుతున్నాడమ్మా, వదిలెయ్" అని రాశారు ఆదిశేషు గారు. "స్టోరు గుమాస్తా నెత్తి మీద నుంచున్నాడు. ఆటో కూడా వచ్చేసింది. ఉంటాను మరి."

అక్కడున్నది నిదానం అని తెలిస్తే ఆదిశేషు గారు గుమాస్తాని కూర్చోబెట్టి అరగంటైనా ఆగేవారు. చలిమిడి కోసం ఎందుకు ఆగుతారు? నాకు తెలుసు. తెలిసీ ఏం లాభం? ఒకరు రాసింది పంచడమే గానీ, సొంతంగా ఒక్క ముక్క చెప్పే నోరు నాకు పెట్టలేదు. ఆయన ఆపెయ్యమని టైపు చేశారు. నేను ఒక్కొక్క తలుపే మూసుకుంటున్నాను. సూదిమిరప వైపు తలుపు మూశాను. అప్పుడు వచ్చింది మాట.

"నా పేరు కోటిలింగం. నేనెవరో మీకు తెలుసనుకుంటాను. తెలిసే తిట్టారనుకుంటాను. ఫోన్ చెయ్యండి. చేశాక కూడా తిట్టండి." కింద నంబరు.

అలవాటు కొద్దీ ముందు చిట్టాలో రాసుకున్నాను. పంచుదామంటే అవతల ఎవరూ లేరు. కరెంటు పోయింది.

ఇప్పుడు జగన్నాథపురంలో ఒక పాత ఇనుము కొట్టులో, తుప్పు పట్టిన కూలరు కింద పడి ఉన్నాను. కరెంటు లేనిదానికి ఇన్ని సంగతులెలా తెలుసని అడక్కండి, మీకు మటుకు ఒంటరిగా కూర్చుంటే ఎన్ని తెలియవు? ఇక్కడ డిస్కులు పగలగొట్టి లోపలి అయస్కాంతాలు తీసుకుంటారు. నా వంతు ఇంకా రాలేదు.

నా దిగులు దాని గురించి కాదు. ఆ పూట ఆయన కంప్యూటరు గది మూసుకుందని చెప్పే ఉంటుంది. రాసిన మాట అంతకు ముందే చేరిందో లేదో చెప్పి ఉండదు. చేరిందనే ఆయన అనుకుంటారు. పేరు చెప్పాక, నంబరిచ్చాక, నోరు తెరిచి అడిగాక కూడా ఆవిడ ఫోన్ చెయ్యలేదనుకుంటారు. ఆవిడేమో, అడిగినా ఇవ్వలేదనుకుని ఊరుకుంటుంది.

చేరలేదండీ కోటిలింగం గారూ. ఆవిడ దాకా వెళ్ళనే లేదు. నా దగ్గరే ఉంది.