మణికట్టు కింద దువ్వెన

సెలూన్ యజమానికి తన మణికట్టు మీద ఉన్న గర్వం ఇంతా అంతా కాదు. కుర్చీ పక్కన ఒకచోట నిలబడ్డాడంటే పాదం కదపడు. ఆ చెవి, ఈ చెవి, మెడ వెనక, అన్నీ చేతిని మెలితిప్పే పూర్తి చేస్తాడు. తీరా ఆ మణికట్టే మొరాయించింది. పట్టే తీరు మార్చుకో, లేదంటే కత్తెర పక్కన పెట్టు అన్నాడు డాక్టరు. పక్కన పెట్టడమంటే, బావమరిది జనం తలలు పాడుచేస్తుంటే తను గల్లాపెట్టె ముందు కూర్చుని చిల్లర ఇవ్వడమే. అంతకన్నా చావు నయమనిపించింది. అందుకే భార్య తాయ్ చీ అనే చైనా వ్యాయామం క్లాసుకి పొమ్మంటే, ముసలివాళ్లు గాలిని నిమిరే విద్య అని ఇన్నాళ్లూ వెక్కిరించిన నోరు మూసుకుని వెళ్లాడు.

నేర్పే ఆవిడ రిటైరైన నర్సు. అరచేత్తో ముందుకు తోసే భంగిమలో అందరి చేతులూ పట్టి చూస్తుంది. ముంజేయీ, చేతి వెనక భాగమూ ఒకే వరుసలో ఉండాలి. మణికట్టు వంగిందా, మడమ నుంచి వచ్చిన బలం అక్కడే ఆగిపోతుంది. మన వీరుడి మణికట్టు మాత్రం ఉడికిన ఆకుకూర కాడలా వాలిపోయేది. ఇన్ని తలలు దిద్దినవాణ్ణి, ఒక్క చెయ్యి దిద్దుకోలేనా అనుకున్నాడు. మర్నాడు పొడుగు దువ్వెనొకటి మణికట్టు కింద కట్టుకుని, పైన పొడుగు చేతుల చొక్కా తొడుక్కుని వచ్చాడు. తన తెలివికి తనే మురిసిపోయాడు.

"అద్భుతం! అందరూ ఇటు చూడండి," అంది ఆవిడ. తన అరచెయ్యి అతని అరచేతికి ఆనించి, నడుము కాస్త తిప్పింది. అంతే, కొయ్యలా బిగుసుకున్న మనవాడు వెనక్కి తూలి గోడకు కొట్టుకున్నాడు. దువ్వెన పళ్లు చర్మంలో దిగబడ్డాయి. "అమ్మో!" అని చెయ్యి విదిలిస్తే దువ్వెన ఊడి అందరి మధ్యా పడింది. హాలంతా గొల్లున నవ్వింది. సిగ్గుతో చచ్చిపోతూనే అతనూ నవ్వాడు. మెచ్చుకోలు తనకి కాదు, దువ్వెనకి దక్కిందన్నమాట!

"నిటారుగా ఉంచమన్నాను గానీ బిగించమన్లేదండీ. ఇంతకీ షాపులో ఎలా నిలబడతారు?" అంటూ ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుంది.

అతను వేళ్లనే కత్తెర చేసి ఆవిడ కుడి చెవి దగ్గర గాలిని కత్తిరించాడు. ఎడమ చెవి కోసం చెయ్యి మెలితిప్పబోయాడు.

"ఆగండి. అక్కడికి కాళ్లతో రండి. చేతిని నడుమే తెస్తుంది."

వచ్చాడు. మణికట్టు వంగలేదు, నొప్పీ పుట్టలేదు. అతని కళ్లు చెమర్చాయి. రెండు కాళ్లు పెట్టుకుని, ఇంతకాలం వాటి చాకిరీ కూడా చేతితోనే చేయించాడు. పైగా అదే పనితనమని మీసం మెలేశాడు.

మర్నాటి నుంచి షాపులో కుర్చీ చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు.

"ఏంటి బావా, కాలుగాలిన పిల్లిలా?" అన్నాడు బావమరిది.

"నోర్మూసుకుని ఆ తువ్వాలందుకో," అన్నాడు ఇతను.

కొన్ని వారాలు గడిచాక ఓ సాయంత్రం ఇంటికొచ్చి మంచం మీద కూలబడ్డాడు. "కాళ్లు పీకేస్తున్నాయే. ఆవిడ మాట విని చెడ్డాను," అని మొదలుపెట్టాడు. పిక్కల మీద, మడమల మీద, మోకాళ్ల మీద వరసగా పితూరీలు చెప్పుకుపోయాడు.

భార్య అంతా విని, "మరి చెయ్యో?" అంది.

ఏ చెయ్యి అన్నట్టు చూశాడతను. పొద్దుటి నుంచీ అది గుర్తే రాలేదు.