రెండు గుమ్మాలు, ఒకే తొట్టి

సుబ్రమణియానికి ఎడమ చెవి వినపడదు. రెండేళ్ళ కింద గాంధీపురంలో బట్టల కొట్టు ముందు, బండి నిలుపుకునే చోటు కోసం మాటామాటా పెరిగింది. మణికందన్ షట్టరు దించే ఇనప కొక్కెం అందుకుని ఆ చెవి మీద కొట్టాడు. నెత్తురు కారి చొక్కా తడిసినా ఆపకుండా కొట్టాడు. కొట్టినవాడు కల్యాణసుందరికి సొంత తమ్ముడు, దెబ్బలు తిన్నవాడు ఆమె మొగుడికి అన్న. ఇంతకన్నా పాపిష్టి ఇరకాటం ఏ ఆడదానికైనా వస్తుందా?

మణికందన్ ఇప్పుడు జామీను మీద బయట ఉన్నాడు. ఇంకొకరి మీద చెయ్యి లేచిందా, జామీను రద్దు, తిన్నగా లోపలికే. ఆ మాట జడ్జి ఒక్కసారే చెప్పాడు. కల్యాణసుందరి తమ్ముడికి ఫోనులో రోజూ చెప్పేది.

ఆర్.ఎస్. పురంలోని తెలుగు సంఘం ఏటేటా ఆటల సాయంత్రం పెడుతుంది. పెళ్ళి పందిళ్ళు అలంకరించే మనిషి కదా అని ఈసారి హాలు అమర్చే పని ఆమెకి అప్పగించారు. రెండు ఇళ్ళవాళ్ళనూ పిలిస్తేనే చేస్తానంది. తమ్ముడు ఆమె గడప తొక్కి రెండేళ్ళయింది మరి. ఒక పూట ఇద్దరూ ఒకే కప్పు కింద కొట్టుకోకుండా కూర్చుంటే, రేపు తన ఇంట్లోనూ కూర్చుంటారని ఆ పిచ్చిదాని ఆశ.

ఎంత ఆలోచించి అమర్చిందనుకున్నారు! బావగారి మనుషులకి ఉత్తరం గుమ్మం, తమ్ముడి మనుషులకి పడమటి గుమ్మం. చెప్పులు విడిచే చోట్లు కూడా రెండు. క్యారం బోర్డులు ఆ మూల, పులిజూదం ఈ మూల. నడుమ వామనగుంటలు ఆడే ముసలమ్మలకి చాపలు పరిచింది. కాళ్ళు చాపుకుని కూర్చున్న ముసలమ్మలను దాటే ధైర్యం ఆ సంఘంలో ఏ మొగాడికీ లేదు.

ముందురోజు నేలమీద సుద్ద గీతలు చూసి మణికందన్ నవ్వాడు. "అక్కా, ఇది హాలా, బార్డరా?"

"బార్డరే. ఆ పక్క తల తిప్పితివా, ఊరుకోను."

"నేను సండకి, కొట్లాటకి రాలే అక్కా. ఆడనీకి వస్తా ఉండా."

ఆటలు బాగానే జరిగాయి. ఆ మూల నుంచి ఒకడు గుర్రుగా చూడటం, ఈ మూల నుంచి ఇంకొకడు పళ్ళు నూరడం తప్ప ఏమీ కాలేదు. ఏడున్నరకి ఆకులు వేశారు. పంక్తులు కూడా రెండే, వీపులు ఎదురెదురుగా. ఎవరికి ముందు వడ్డించారన్న తగువు రాకూడదని రెండు పంక్తులకీ ఒకేసారి వడ్డించమంది. తప్పంతా అక్కడే ఉంది. పంక్తిలో అందరూ తిన్నాకే అందరూ కలిసి లేస్తారు. ఒకేసారి వడ్డిస్తే రెండు పంక్తులూ ఒకేసారి లేస్తాయి. చేతులు కడుక్కునే తొట్టి మాత్రం హాలు వెనక ఒక్కటే, దానికి నాలుగే కొళాయిలు.

లేచిన జనాన్ని చూడగానే ఆమెకి తొట్టి గుర్తొచ్చింది. పరిగెత్తింది.

అప్పటికే సుబ్రమణియం నీళ్ళు పుక్కిలించి మణికందన్ పాదాల మీద ఉమ్మాడు. "ఏమిరా, జైలు సాప్పాడుకన్నా బాగుండిందా?"

మణికందన్ పక్క కొళాయికి జరిగాడు.

"ఇంకో చెవి ఉండాది. కొట్టురా, కొట్టు!" అని సుబ్రమణియం తల వంచి కుడి చెవి చూపించాడు. వాడికి కావలసింది అదే. ఒక్క దెబ్బ పడితే చాలు, జామీను పోయి రెండేళ్ళ పగ తీరుతుంది.

తొట్టి గట్టుమీద అరిటాకులు కోసిన కత్తి ఉంది. మణికందన్ ఎంగిలి చేత్తోనే దాన్ని అందుకుని మెడకి గురిపెట్టి పైకెత్తాడు.

"వేణాం రా! వద్దు!" అని ఎవరో అరిచారు. అరుపులకి ఆగే కోపమా అది?

కల్యాణసుందరి గోడకి ఆనించిన ఇనప మడత కుర్చీ లాగి, బలంకొద్దీ తమ్ముడి మణికట్టు మీద కొట్టింది. ఎముక విరిగిన చప్పుడు అందరికీ వినపడింది. కత్తి కింద పడింది. వాడు ఎడమచేత్తో దానికోసం వంగాడు. ఆ భుజం మీద ఇంకోటి వేసింది. నుదురు గట్టుకి కొట్టుకుని నెత్తురోడుతూ కూలబడ్డాడు. ఆమె కత్తిని కాలితో తొట్టి కిందికి తన్నింది.

ఎవరో ఫోను చేసినట్టున్నారు, పావుగంటలో ఎస్.ఐ. వచ్చి ఎవరు కొట్టారని అరవంలో అడిగాడు.

"నేనే కొట్టినా," అంది కల్యాణసుందరి. తరవాత సుబ్రమణియం వైపు తిరిగింది. "చెప్పు బావా. నీ తమ్ముడి పెండ్లాన్ని జీపులో ఎక్కించుకుని పోతారు. సంఘమంతా చూస్తాది. ఏం జరిగిందో అంతా చెప్పు."

సుబ్రమణియం నోరు తెరిచాడు. కత్తి మాట నాలుక చివరిదాకా వచ్చింది. చుట్టూ రెండు పంక్తుల జనం నిలబడి ఉన్నారు. కత్తి మాట ఎత్తితే కుర్చీ మాటా ఎత్తాలి. అతని మొహం నల్లబడింది.

"కాలు జారి పడినాడు సార్," అన్నాడు చివరికి. ఇంకెవరూ నోరు విప్పలేదు. ఆమె ఒప్పుకున్నా, ఫిర్యాదు చేసేవాడు లేక ఎస్.ఐ. వెళ్ళిపోయాడు.

ఆసుపత్రికి ఆటోలో ఆమే తీసుకుపోయింది. మణికందన్ వాచిన చేతిని ఒడిలో పెట్టుకుని బయటికి చూస్తున్నాడు. ఆమె కొంగుతో నుదుటి నెత్తురు తుడవబోతే మొహం పక్కకి తిప్పుకున్నాడు.

"నువ్వు ఆ ఇంటిదానివే అక్కా," అన్నాడు. "వాడు నా మీద ఉమ్మితే నన్ను కొట్టితివి. ఇంక నా మొహం చూడొద్దు."

ఆమెకి ఏడుపు పొంగుకొచ్చింది. ఎందుకు కొట్టిందో చెప్పబోయి ఆగిపోయింది. ఆ ఇంటిదాన్ని కాదని చెబితే, అక్క తన పక్షమేనన్న ధైర్యంతో వీడు రేపే కట్టుతో మళ్ళీ బావగారి గుమ్మం ముందు నిలబడతాడు.

"అవును రా, ఆ ఇంటిదాన్నే," అంది. "ఇంకోసారి ఆ గుమ్మం ముందుకి వస్తే, రెండో చెయ్యి కూడా విరగ్గొడతా."