పొయ్యిలో పడని రోజులు

నోటుపుస్తకాలు పొగాకు బ్యారన్ పొయ్యిలో పడేయమని ఆదినారాయణ మళ్లీ చెప్పాడు. అతని భార్య నిర్మలాదేవి వాటిని ఒళ్లో పెట్టుకుని పొయ్యికి ఎదురుగా కూర్చుంది.

"జీపు పక్క ఊరు దాటిందంట. ఇప్పుడైనా వేసెయ్యి."

"వెయ్య."

"మొన్న అడవి అవతల పల్లెలో ఒకడి దగ్గర పుస్తకం దొరికింది. అన్నలకి ఏ ఇంటోళ్లు బియ్యం ఇచ్చారో రాసిపెట్టాడంట. అప్పట్నుంచి ఇంట్లో రాసిన కాయితం కనబడితే పోలీసులు వదలట్లేదు. మన ఇంట్లో రోజూ రాస్తారని ఎవరో వాళ్ల చెవిన వేశారు."

"నేను బియ్యం సంగతి రాయలే. మన సంగతి రాసిన."

"మన సంగతి రాయడానికి ఏవుంది? తిన్నాం, పడుకున్నాం."

"గదే రాసిన."

దమ్మపేట దాటి అడవి మొదలయ్యే చోట వాళ్ల పొలం. ఆదినారాయణ తండ్రి కోస్తా నుంచి వచ్చి ఇక్కడ భూమి కొన్నాడు. నిర్మల వేంసూరు పిల్ల. పొగాకు పండబెట్టే మట్టిగోడల గదిని అక్కడ బ్యారన్ అంటారు. గోడ బయట పొయ్యిలో దుంగలు మండుతుంటే లోపల కర్రలకు వేలాడే పచ్చి ఆకు మెల్లగా పసుపు రంగుకు తిరుగుతుంది. ఆ రోజుల్లో పొయ్యి దగ్గర ఎవరో ఒకరు ఉండాల్సిందే. సాయంత్రం వంతు నిర్మలది. ఆమె రాసుకునేది అప్పుడే.

రాయడం మొదలుపెట్టింది తల్లి పోయిన ఏడాది. అమ్మ చివరిసారి ఎప్పుడు నవ్విందో, ఏ మాటకు నవ్విందో ఎంత తడుముకున్నా ఆమెకు గుర్తు రాలేదు. ఒక మనిషి నవ్వు అంత తేలిగ్గా ఎలా పోతుందని కోపం వచ్చింది. ఇక తన ఇంట్లో ఒక్క రోజునూ ఊరికే పోనివ్వనని పంతం పట్టింది. పిల్లల పాత నోటుపుస్తకాల్లో మిగిలిన కాగితాలన్నీ ఆమెవే.

జీపు వచ్చి బ్యారన్ ముందు ఆగింది. ఎస్సై వెంకటరామారావు దిగాడు. వెనకే కానిస్టేబుల్ లాల్‌సింగ్. నీడన కూర్చుని కర్రలకు ఆకు అల్లుతున్న అత్తగారు బుల్లెమ్మ లేచి నిలబడింది.

"రోజూ రాసేది ఎవరు?" ఎస్సై అడిగాడు.

"నేను," అంది నిర్మల.

"ఏం రాస్తున్నవ్? ఎవరొచ్చిన్రు, ఎవరు పోయిన్రు, గవేనా?"

"అవ్ సారూ. గవి కూడా ఉంటయి. చదువుకోండ్రి. ఇక్కడనే, మా ముందర చదవాలె."

ఎస్సై ఒక పుస్తకం తీసి లాల్‌సింగ్‌కి ఇచ్చాడు. "గట్టిగ చదువు."

లాల్‌సింగ్ గొంతు సవరించుకున్నాడు. "ఈరోజు అత్తమ్మ పులుసులో ఉప్పు మరిచింది. ఎవరమూ చెప్పలేదు. చివరికి ఆమె తిని, ఇంతమంది తిన్నారు, ఒక్కరికీ నోరు లేదా అని అందరినీ తిట్టింది."

"అదీ రాశావటే?" అంది బుల్లెమ్మ. "ఊరంతటికీ చదివి వినిపించు. ఆ మర్నాడు నువ్వు అన్నం మాడ్చావు, అది రాశావా?"

"రాసిన అత్తమ్మా. కింద ఉంటది."

"ఉంది," అన్నాడు లాల్‌సింగ్.

"ముందుకు పో," అన్నాడు ఎస్సై.

"వాన. కర్రలు తడిశాయి. ఆయన పొయ్యి ముందు కూర్చుని పాట పాడాడు. పెళ్లయ్యాక ఆయన పాట వినడం ఇదే మొదలు."

ఎస్సై చూపు ఆదినారాయణ మీదికి తిరిగింది. "ఏం పాట?"

"పాత పాటండి."

"ఎవరు నేర్పిన్రు?"

"మా నాన్నండి. ఎడ్లు తోలేటప్పుడు పాడేవాడు."

"వీడి గొంతుకైతే ఎడ్లు కూడా ఆగవు బాబూ," అంది బుల్లెమ్మ.

లాల్‌సింగ్ పేజీ తిప్పాడు. "ఆయన మా పెద్దవాణ్ని కొట్టాడు. వాడు నిద్రపోయాక దగ్గర కూర్చుని, పగిలిన కాళ్లకు ఆముదం రాశాడు. నేను చూడలేదనుకున్నాడు."

ఆదినారాయణ తల తిప్పి అడవి వైపు చూశాడు. కొట్టిన సంగతి అతనికి గుర్తుంది. ఆముదం సంగతి మరిచిపోయాడు. తిన్నాం, పడుకున్నాం అనుకున్న రోజుల్లో ఇదొకటి.

ఎస్సై పుస్తకం లాక్కుని ముందుకీ వెనక్కీ తిప్పి చూశాడు. ఉప్పు, వాన, ఆముదం. అతనికి పనికొచ్చేది ఒక్క ముక్క లేదు.

"ఇంకోసారి రాయొద్దు," అని పుస్తకం ఆమె ఒళ్లో పడేశాడు. "ఇది అడవి అంచు. ఇయ్యాల ఉప్పు రాస్తవు, రేపు నీ గుమ్మం ముందర నీళ్లు అడిగినోని పేరు రాస్తవు. వాళ్లు చూస్తే నిన్ను మా మనిషి అనుకుంటరు. మేం చూస్తే వాళ్ల మనిషి అనుకుంటం. అన్నీ పొయ్యిల వెయ్."

"వెయ్య సారూ."

"ఆదినారాయణా, నువ్వు వెయ్."

ఆదినారాయణ వచ్చి భార్య ఒళ్లోని పుస్తకాలు తీసుకున్నాడు. నిర్మల అతని కళ్లలోకి చూసింది. అతను పొయ్యి దాకా వెళ్లి ఆగాడు.

"ఇందులో వేయకూడదండి," అన్నాడు. "ఆకు రంగు తిరిగే వేళ. కాయితాలు పడితే మంట ఒక్కసారి లేస్తుంది. బ్యారన్ మొత్తం మాడిపోద్ది."

మనిషంత దుంగలు మింగే పొయ్యి అది. నాలుగు నోటుపుస్తకాలు దానికి ఒక లెక్క కాదు. ఎస్సై పొగాకు పండించే ఊరివాడు కాదు. లాల్‌సింగ్‌ది కారేపల్లి వైపు. అతని బావమరుదులకు బ్యారన్ ఉంది. ఎస్సై అతని వైపు చూశాడు.

"నిజమేనా?"

లాల్‌సింగ్ దుంగల వైపు చూశాడు. ఆదినారాయణ వైపు చూశాడు. "ఆకు సంగతి ఆకున్నోళ్లకే ఎరుక సార్."

"అయితే బయట కాల్చు. అగ్గిపెట్టె తియ్."

నిర్మల లేచి మొగుడికీ ఎస్సైకీ మధ్య నిలబడింది.

"కాల్చండ్రి సారూ. గని ఇయ్యాలటి పేజీ ఎట్లుంటదో విని కాల్చండ్రి. ఎస్సై వెంకటరామారావు సారు మా ఇంటికొచ్చిండు. ఉప్పు సంగతి చదివించుకున్నడు. దొరికింది ఏం లేదు. అయినా పుస్తకాలు కాల్చిండు."

"నా పేరు రాయకు."

"మా గడపకొచ్చినోళ్ల పేరు రాయకుండ ఉండ. ఈ పుస్తకాలు పోతే ఇంకోటి తెచ్చుకుంట. అదీ కాలిస్తే ఇదుగో, ఈ గోడ ఉన్నది, పొయ్యిల బొగ్గున్నది. మా ఇంట్ల ఏం జరిగిందో నేను మరిచిపోవాల్నని ఏ చట్టంల ఉన్నది సారూ?"

పొయ్యిలో దుంగ చిటపటమంది. ఇంతలో బుల్లెమ్మ చెంబుతో మజ్జిగ తెచ్చి ఎస్సై చేతికిచ్చింది. "తాగు బాబూ. ఉప్పేశాను. లేకపోతే అదీ రాస్తుందిది."

లాల్‌సింగ్ నవ్వు ఆపుకోలేక దగ్గాడు. ఎస్సై మజ్జిగ తాగాడు. చెంబు కింద పెట్టి, ఉత్త చేతులతో వెళ్లడం ఇష్టం లేక పైనున్న పుస్తకం ఒకటి లాక్కున్నాడు. మిగతావి ఆదినారాయణ చేతుల్లోనే ఉన్నాయి.

"ఇది స్టేషన్ల ఉంటది."

"నేనే వచ్చి తీసుకుంట," అంది నిర్మల. "అందులో మా చిన్నదానికి మొదటి పన్ను ఊడిన రోజున్నది."

జీపు దుమ్ము లేపుకుంటూ పోయింది. ఆదినారాయణ పుస్తకాలు తెచ్చి ఆమె పక్కన పెట్టాడు. బ్యారన్ తలుపుకు వేలాడే పుస్తకం తీశాడు. పొద్దున, సాయంత్రం లోపలి వేడి ఎంతుందో అతను రాసుకునే పుస్తకం అది.

"వెనక పేజీలు ఖాళీ," అన్నాడు. "ఇందులో రాయి. నా గురించి మరీ ఎక్కువ రాయకు."

"ఆముదం రాసింది తప్పా?"

"తప్పని కాదు. నాకే తెలీదు, అంత..." మాట పూర్తి చేయకుండా పొయ్యిలోకి ఒక దుంగ తోశాడు. "స్టేషనుకి నువ్వొక్కదానివే పోవద్దు. నేనూ వస్తా."

నిర్మల పుస్తకం తిరగేసి పెన్సిల్ అందుకుంది. మొదటి వాక్యంలో ఎస్సై పేరు పూర్తిగా రాసింది. తర్వాత మజ్జిగ సంగతి. కొంచెం ఆగి, చివర రాసింది.

"ఈరోజు ఆయన పోలీసుల ముందు అబద్ధం చెప్పాడు. బాగా చెప్పాడు."