సగం తడిసిన మొగ్గలు

కాఫీ ఆకులు వాడి వేలాడుతుంటే వదినకు అన్నం సయించేది కాదు. భర్త పోయినప్పటి నుంచి ఆ తోటను కంటికి రెప్పలా కాచుకుంటూ వచ్చింది. ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. చెరువులో మిగిలినవి ఒక్క తడికి సరిపోయే నీళ్ళే.

మొక్కల హార్మోన్ల మీద పరిశోధన చేసే ఆడపడుచు వచ్చి, కొమ్మ వంచి చూసింది.

“ఇప్పుడే నీళ్ళు పెట్టకు వదినా. ఎండకి మొక్కలో ఒక హార్మోను పెరిగి మొగ్గని నిద్రపుచ్చుతుంది. బాగా ఎండనిచ్చి ఒక్కసారిగా తడిపితే దాని పట్టు సడలుతుంది, నిద్రలేపే హార్మోన్లు పుంజుకుంటాయి. తోటంతా ఒకేసారి పూస్తుంది.”

“సగం తడిపితే?”

“అసలు తడపకపోవడమే నయం. సగం నిద్రలో లేచిన మొగ్గ పచ్చగానే బిగుసుకుపోతుంది. కాయ పట్టదు.”

“మీ అన్నయ్యా అంతేగా! నిద్ర చెడితే ఆ రోజంతా ఎందుకూ కొరగాకుండా పోయేవాడు,” అంది వదిన. చాన్నాళ్ళకు ఇద్దరూ నవ్వుకున్నారు.

వదిన గుండె రాయి చేసుకుని ఆగింది. చివరికి ఆడపడుచు సరేనన్న రోజున మోటారు వేశారు. తోటంతటా నీళ్ళు చిమ్ముతుంటే వదిన కళ్ళు చెమర్చాయి.

చెరువు సగానికి దిగిందో లేదో, తోట కూలీల మేస్త్రి పరుగెత్తుకొచ్చాడు.

“అమ్మా, మా ఇళ్ళు అంటుకున్నాయి!”

నీళ్ళు అందని తోట అంచున ఎండుటాకుల్లో రేగిన మంట కూలీల ఇళ్ళ మీదికి పాకింది. వదిన ఆడపడుచు వైపు చూసింది.

“పైపులు అటు తిప్పండి!” అని అరిచింది వదిన.

చెరువులో బురద తేలేదాకా తోడిపోశారు. చివరి ఇల్లు తప్ప అన్నీ దక్కాయి. ఆ ఇంట్లో, మంచం దిగలేని మేస్త్రి తల్లి ఉంది. ఆమెను బయటికి తేలేకపోయారు.

తర్వాత మొగ్గలు కాస్త కదిలాయి. చుక్కల్లా విచ్చుకుని, పచ్చగానే గిడసబారిపోయాయి.

పలకరించడానికి ఇద్దరూ వెళ్ళినప్పుడు మేస్త్రి తల ఎత్తలేదు. అతని భార్యే అంది: “ఎప్పటికప్పుడు కాసిని నీళ్ళు చల్లుంటే ఆకులు అట్లా భగ్గుమనేవా అమ్మా?”

ఆడపడుచు ముందుకొచ్చింది. “ఆగమన్నది నేనే...”

“నువ్వు చెప్పావు. ఆగింది నేను,” అని వదిన ఆమె చెయ్యి పట్టుకుంది.

ఆ ఏడు గంపెడు కాయైనా దిగలేదు. మేస్త్రి కుటుంబం మూటాముల్లె సర్దుకుని మరో తోటకు వెళ్ళిపోయింది. వెళ్ళే ముందు వదినకు చెప్పి వెళ్ళలేదు.