దగ్గు ఆగిన వారం

సారవ్వ తడిమట్టిని పీట మీద పొడుగ్గా దొర్లించి, కొసన బొటనవేలితో ఒక్క నొక్కు నొక్కి, తడిగోనె మీద పక్కకు పెట్టింది. గని బాయి లోపల బొగ్గు పేల్చేటప్పుడు, పేలుడు మందు పెట్టిన రంధ్రాన్ని మూయడానికి ఈ మట్టి కడ్డీలే కావాలి. తొమ్మిదేళ్లుగా ఆమె డ్యూటీ ఇదే. అరచేతుల్లో గీతలు అరిగి నున్నబడ్డాయి. గోళ్ల మొదట్లో చేరిన ఎర్రమట్టి ఎంత తోమినా వదలదు.

ఎదురుగా మట్టి పిసుకుతున్న మల్లక్క ఓరగా చూసింది.

"చెయ్యి ఇక్కడున్నది, చూపు బాయి మూతికాడున్నది నీది."

"వారం దినాలు ఇంటికాడ ఉండి ఇయ్యాలనే దిగిండే సదయ్య."

"దిగితే దిగిండు. కొత్త పెండ్లికొడుకా ఏంది, గంత ఫికరు?"

సారవ్వ మరో మట్టిముద్ద అందుకుంది.

సదయ్య ఒకప్పుడు ఆమె మొగుడే. ఇరవై మూడేళ్ల కింద, కడుపు పండలేదని అత్త పంచాయితీ పెట్టిస్తే, కులపెద్దల ముందు, విడిపోతున్నట్టు రాసిన ఇడుపు కాయితం మీద ఇద్దరూ వేలిముద్రలు వేశారు. అతను మరొకామెను చేసుకున్నాడు. ఎల్లేశం అని కొడుకు పుట్టాడు. కొన్నేళ్లకు ఆమె చనిపోయింది. నిరుడు సదయ్య రామకృష్ణాపూర్ నుంచి బదిలీ అయి వచ్చి, ఇక్కడి బాయిలో మందు కూరే పనిలో చేరాడు. మొదటిరోజే చీకట్లో అందుకున్న కడ్డీ కొసన వేలికి నొక్కు తగిలిందట. జొన్నరొట్టె అంచును సారవ్వ సరిగ్గా అట్లాగే నొక్కేది. షిఫ్టు కాగానే మట్టి షెడ్డు ముందుకు వచ్చి, టోపీ తీసి నిలబడ్డాడు.

"గీ నొక్కు నీదే గద."

"అయితే ఏంది," అన్నది ఆమె, తల ఎత్తకుండా.

అయినా మూడు నెలలు తిరగకముందే అతని రేకుపెట్టె ఆమె గుడిసెలోకి వచ్చింది. పెట్టె వెంటే దగ్గూ వచ్చింది. మెట్టు ఎక్కితే ఆయాసం. కంపెనీ దవాఖానలో అన్‌ఫిట్ అని రాస్తే, తండ్రికి బదులు కొడుక్కు నౌకరీ ఇస్తారు. సదయ్యకు కావలసింది అదే. ఎల్లేశం ఒకసారి వచ్చి, వాకిట్లోనే నిలబడి చెప్పి పోయాడు: "నాకు నౌకరైతే క్వార్టరొస్తది. బాపును తోల్కపోత. నువ్వైతే రావద్దు."

ఆ మాట ఆమెను లోపలినుంచి తొలిచింది. పరీక్షకు పిలుపు వచ్చి సదయ్య ఇంటిదగ్గర ఉన్న వారమంతా అతని బీడీలు దాచింది. అడ్డసరం ఆకు, కరక్కాయ, మిరియాలు ఉడకబెట్టి పూటపూటకూ తాగించింది. ఛాతీకి వేడినూనె రాసింది. పరీక్ష రోజు డాక్టరు ఊపిరి పీల్చమన్నాడు, వదలమన్నాడు, వీపు మీద తట్టి చూశాడు. సదయ్య ఒక్కసారీ దగ్గలేదు. ఫిట్ అని రాశారు.

ఈ పొద్దున అన్నం డబ్బా అందుకుంటూ అతను అన్నాడు, "నీ కషాయం జబర్దస్తున్నదే. నా కొడుకు నౌకరీని మింగింది."

సారవ్వ డబ్బా వదలలేదు. "తెలిసే తాగినవా?"

"నువ్వు గిలాస పట్టుకొని నిలవడితే వద్దనుడు ఎట్ల? ఒకపారి నిన్నే వద్దన్న. గా పాపం సాలదా."

అని నవ్వి, నెమ్మదిగా నడిచిపోయాడు. ఆపాలనుకుంది. ఆపితే, మళ్లీ దవాఖానకు పోదామనాలి. అంటే అతన్ని కొడుకు వెంట పంపేయడమే. తలుపు దగ్గరికి వేసి తనూ డ్యూటీకి బయల్దేరింది.

మూడు గంటలకు షిఫ్టు దిగే సైరను కూసింది. మనుషులు బొగ్గు మొహాలతో పైకి వచ్చారు. అందరికన్నా వెనుక గట్టయ్య వచ్చాడు, సదయ్యతో కలిసి పనిచేసేవాడు. షెడ్డు ముందు గొంతుక్కూర్చున్నాడు.

"సారక్కా," అన్నాడు టోపీ తీసి. "బాయిలకెల్లి ఎక్కుతుంటే సదయ్య నడుమల కూసున్నడు. మీరు నడువుండ్రి, దమ్ము తీసుకొని వస్త అన్నడు. ఎంతకూ రాకపాయె. మల్ల దిగి చూస్తే గోడకు ఒరిగి గట్లనే ఉన్నడు. లేపితే లేవలే."

ఆమె చేతులు పీట మీద ఉన్న మట్టిని చివరిదాకా దొర్లించాయి. మల్లక్క వచ్చి మణికట్లు పట్టుకుంటే గానీ ఆగలేదు.

కబురంది సాయంత్రానికి ఎల్లేశం వచ్చాడు. సొంతూరికి తీసుకుపోవడానికి శవాన్ని లారీ ఎక్కించారు. ఏడ్చి ఏడ్చి వాచిన కళ్లతో అతను సారవ్వ దగ్గరికి వచ్చాడు.

"గంత దగ్గు మనిషికి ఫిట్ ఎట్ల రాసిండ్రు?"

చెప్పకపోతే ఎవరికీ తెలియదు. అయినా చెప్పింది.

"నేనే తాపిన బిడ్డా. దగ్గు రాకుంట కషాయం. నువ్వు తీస్కపోతవని."

ఎల్లేశం ఆమె చేతులకేసి చూశాడు.

"డ్యూటీల పోయిండు గద, నౌకరీ ఇప్పుడైనా వస్తది నాకు," అన్నాడు మెల్లగా. "నువ్వు లారీ ఎక్కకు."

ఎక్కలేదు. ఇడుపు కాయితం అయినదాన్ని పాడె వెంట రమ్మనేవాళ్లు ఎవరూ లేరు. దుమ్ము అణిగేదాకా రోడ్డు మీదే నిలబడి, ఇంటికి నడిచింది.

గుడిసె ముందు, పాత మంచం ఇద్దరికి ఇరుకైందని సదయ్య పోయిన వారమంతా కూర్చుని అల్లుతున్న వెడల్పు మంచం ఉంది. తలవైపు సగం దాకా కొత్త నులక బిగువుగా అల్లి ఉంది. కాళ్లవైపు చట్రం ఖాళీగా ఉంది. మిగిలిన నులక ఉండ మంచం కింద మట్టిలో పడి ఉంది.